తియోనా పేరున పాతిన బాన

కూతురు తియోనా పెళ్ళికి ముందురోజు పొద్దున. మక్వాలా ఇంటి వెనక వైను కొట్టులో, మెడదాకా నేలలో పాతిన బానల మధ్యకి పోదామని ఆమె మరిది ఎల్గూజా పార పట్టుకుని వచ్చాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. పక్కకి జరగాలని ఆమెకీ తెలుసు, కాళ్ళే జరగడం లేదు.

“జరుగు వదినా, జరుగు. పొద్దెక్కుతోంది.”

“ఎక్కనీ. ఎక్కిన పొద్దు ఎక్కడికి పోతుంది? రొట్టె ఇప్పుడే పొయ్యిలోంచి తీశాను, పొగలు కక్కుతోంది. జున్ను కోస్తాను, రెండు ముక్కలు తిని...”

“తినే వచ్చాను.”

“టీ అయినా తాగు.”

“బాన మూత తీయడానికొచ్చినోడికి టీ ఇస్తానంటావేంటి? మనింట్లో టీ జ్వరమొచ్చినోడికే కదా, జ్వరంతో వచ్చానా నేను?”

“అది కాదు. కాబోయే అల్లుడు బేజాన్ బండికి బ్రేకులు చూపించాడా?”

“ఏంటీ?”

“బ్రేకులయ్యా, బ్రేకులు. ఎల్లుండే పిల్లని ఎక్కించుకుని పైకి, కొండమీది ఓమాలో ఊరికి తీసుకుపోతాడటగా. అక్టోబరు నెల. పైన మంచు మొదలైతే? ఆ దారికి ఒక పక్క కొండ. ఇంకో పక్క ఏముంది? ఏమీ లేదు. గాలి.”

“వాడు పన్నెండేళ్ళుగా ఆ దారి మీదే బండి తోల్తున్నాడు. నువ్వు వంటింట్లో జారినన్ని సార్లు కూడా జారలేదు వాడు.”

“నేను వంటింట్లో జారితే వంటింట్లోనే పడతాను.”

“శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా! జరుగు. రేపీపాటికి ఆలవాని నుంచి పెళ్ళికొడుకువాళ్ళు నలభైమంది దిగుతారు. వాళ్ళ పెద్దాయన ఇలో తాత తాగే మొదటి కొమ్ములోకి వైను ఈ బానలోంచే పోయాలి. ఇవాళ మూత తీసి, పైన తేలింది తీసేసి, గాలి తగలనివ్వకుండా మళ్ళీ కప్పెట్టాలి. రేపటికి పెట్టుకుంటే ఆ హడావుడిలో ఎవడు తీస్తాడు?”

“ఫాదర్ గారు రావాలి కదా. ప్రార్థన చదవకుండా ఎలా తీస్తారు?”

“ఫాదర్ గారు రేపు వస్తారు. వైను పోసేటప్పుడు చదువుతారు. మట్టి తవ్వేటప్పుడు కాదు.”

“రాత్రి వాన పడింది. నేల తడి.”

“కొట్టులో వాన పడిందా? పైన పెంకులున్నాయా, ఎవడైనా ఎత్తుకుపోయాడా?”

“ఆ పారకి పిడి వదులు. కాలి మీద పడితే...”

“వదినా.”

“ఊఁ.”

“ఇటు చూడు. నా మొహం చూసి మాట్లాడు. ఏమైంది?”

“ఏమీ కాలేదు. రాత్రంతా నిద్ర లేదు, అంతే. తల తిరుగుతోంది.”

“పోయి పడుకో. నేను తవ్వుకుంటాను.”

“వద్దు!”

“వద్దేంటి? ఏంటీ వాసన?”

“ఏ వాసన?”

“పుల్లగా. ముక్కు పగిలిపోతోంది.”

“ఊరగాయ జాడీ పగిలింది. జోంజోలి పూల ఊరగాయ. నిన్న సాయంత్రం చేయి జారి... నేనే తుడిచాను. సరిగ్గా తుడవలేదేమో.”

“జోంజోలిది ఇంత పులుపా? ఎన్ని జాడీలు పగలగొట్టావు, గంగాళమా?”

“ఒకటే. పెద్దది.”

“వైను కొట్టులో ఊరగాయ జాడీ పెట్టావా నువ్వు? మా అమ్మ బతికుంటే నీ చేయి విరగ్గొట్టేది. బానలున్న చోట ఉల్లిపాయ కూడా పెట్టనిచ్చేది కాదు. జరుగు, తలుపు తెరిచి పెడదాం, పోతుంది వాసన. మా అన్న బాన ఏది? మూలది కదూ. ఇదే. ఇరవై నాలుగేళ్ళు వదినా! తియోనా పుట్టిన ఏడు ద్రాక్ష వాడే తొక్కాడు, వాడే పోశాడు, వాడే మూశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు తెలుసా? ‘నా కూతురి పెళ్ళికి నువ్వు తాగు, ఇప్పుడు దూరంగా నిలబడు’ అన్నాడు. రెండేళ్ళకి వాడే పోయాడు. నాకు తెలిసి వాడి చేత్తో చేసింది ఈ భూమ్మీద ఇదొక్కటే మిగిలింది. నేనొచ్చే దారిలో అనుకుంటూ వచ్చాను. ఏడవకుండా తీయగలనా అని.”

“ఎల్గూజా.”

“ఊఁ.”

“పార కింద పెట్టు.”

“మళ్ళీ మొదలెట్టావా?”

“పెట్టవయ్యా. నీకు దణ్ణం పెడతాను. ఒక మాట చెప్పాలి, చేతిలో పార ఉంటే చెప్పలేను.”

“పెట్టాను. చెప్పు.”

“అటు తిరుగు.”

“వదినా!”

“తిరుగు, చెప్తాను.”

“తిరిగాను. గోడ చూస్తున్నాను. చెప్పు.”

“తీశాను.”

“ఏం తీశావు?”

“మూత.”

“ఏ మూత?”

“ఇంకేం మూత? ఇదే.”

“ఈ బానదా?”

“ఊఁ.”

“ఎప్పుడు?”

“ఎప్పుడో. పిల్ల చిన్నప్పుడు. ఒకసారి.”

“ఒకసారా.”

“ఒకసారి... ఇంకోసారి.”

“అంటే రెండుసార్లు.”

“రెండు. ఆ తర్వాత చెయ్యి విరిగినప్పుడు.”

“ఎవరి చెయ్యి?”

“పిల్లదే. మల్బరీ చెట్టు మీంచి పడింది కదా, గుర్తులేదూ?”

“మూడు.”

“యుద్ధం అప్పుడు. ఆగస్టులో, మన మీదుగా విమానాలు పోయిన రోజు.”

“వదినా, లెక్క చెప్పు. మొత్తం ఎన్ని?”

“నువ్వు ఇటు తిరగకు.”

“తిరగను. ఎన్ని?”

“పదకొండు.”

“పద...”

“తిరగనన్నావు!”

“పదకొండుసార్లా? వైను బాననా, వంటింటి ఉప్పు డబ్బానా అది? పెళ్ళిదాకా మూత తీయకూడదని ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసే! ఎందుకు తీశావు? తాగావా?”

“ఛీ, అలా అనకు. సొరకాయ బుర్రతో కొంచెం, నాలిక తడిసేంత. చూద్దామని.”

“ఏం చూద్దామని?”

“మీ అమ్మే చెప్పింది. ‘బిడ్డ పేరున పాతిన బానలో వైను ఎలా ఉంటే బిడ్డ అలా ఉంటుంది’ అని. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో. మీ అన్న పోయాక ఈ ఇంట్లో మగదిక్కు లేదు, పిల్లకి అయిదో ఏట ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు, మూడు రోజులు కళ్ళు తెరవలేదు. తెలావి పట్నం డాక్టరు చేతులెత్తేశాడు. ఏం చెయ్యను? వచ్చి మట్టి గీకి, మూత తీసి చూశాను. వైను బాగుంది. నిజం చెప్తున్నాను, బంగారంలా ఉంది. నాలుగో రోజు పిల్ల లేచి గంజి అడిగింది.”

“దాంతో అలవాటైంది.”

“అలవాటు కాదు. భయం. భయం వేసినప్పుడల్లా మనసు నిలవదు. ఒకసారి చూస్తే సరి అనిపిస్తుంది. చూస్తే ఓ నెల ఊపిరి పీల్చుకుంటాను. మళ్ళీ బంకమట్టి పిసికి, అంచంతా మెత్తి, ఇసక కప్పి, తడుపుతాను. నువ్వెలా చేస్తావో అలాగే.”

“నేను చేసినట్టు చేస్తే ఈ వాసనేంటి?”

“చెప్పానుగా, ఊరగాయ.”

“వదినా, నేను అడుగుతున్నాను. పగిలింది ఊరగాయ జాడీయేనా?”

“జాడీ లేదు.”

“అబద్ధమా?”

“అబద్ధమే. నువ్వు ఇప్పుడు తవ్వు. నేను చూడలేను.”

ఆమె గుమ్మం వైపు తిరిగి నిలబడింది. వెనక ఇసకలో పార దిగిన చప్పుడు, రాతి మూత కదిలిన చప్పుడు వినపడ్డాయి.

“ఎల్గూజా? ఏదో ఒకటి అను.”

“ఆ సొరబుర్ర ఇటివ్వు.”

“ఎందుకు, వాసనే చెప్తోందిగా...”

“ఇవ్వమన్నానా. ఇరవై నాలుగేళ్ళు ఆగాను దీనికోసం. రుచి చూడకుండా పోను.”

“ఉమ్మెయ్! కడుపులో మంట వస్తుంది, ఉమ్మెయ్యి!”

“మింగాను.”

“అయ్యో!”

“ఎలా ఉమ్మను? వాడి చేతిది.”

“నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. పక్కింటివాళ్ళకి వినపడినా సరే.”

“వెనిగర్ వదినా. పైన తెల్లగా పొర కట్టింది చూడు. కొంచెం కూడా మిగల్లేదు, అడుగుదాకా ఇదే ఉంటుంది. బాగున్నప్పుడు చివరిసారి ఎప్పుడు చూశావు?”

“మార్చిలో.”

“మార్చిలో బాగుంది, అక్టోబరుకి ఇలా అయింది. అంటే గాలి దూరింది. ఇదేంటి, అంచుకి మట్టి పెళ్ళ కూడా అంటుకుని లేదు?”

“బీటలిచ్చి పొడైపోయిందేమో. ఇసకలో కలిసిపోయి ఉంటుంది.”

“బంకమట్టి పొడవుతుందా? ఏ మట్టి పెట్టావు?”

“ఏ మట్టేంటి, నువ్వు తెచ్చిందే. ఫిబ్రవరిలో పొయ్యి మెత్తుకోడానికని ఒక గోతాం తెచ్చిచ్చావు కదా.”

“ఆ గోతామా?”

“ఊఁ.”

“ఆ గోతాంలోదే పెట్టావా?”

“ఏం?”

“ఏం లేదు.”

“ఏంటయ్యా, మొహం అలా అయిపోయింది?”

“ఏం లేదన్నాగా. అసలు ఇప్పుడు మట్టి గొడవ ఎందుకు? రేపు ఏం చెప్పాలి అది చూడు. ఇలో తాతకి నేనేం చెప్పానో తెలుసా? మొన్న ఆలవాని వెళ్ళి, వాళ్ళ బల్ల మీద గుద్ది మరీ చెప్పాను. ‘మీరు గొర్రెతోలు సంచిలో జున్ను తెస్తారు కదా, తెండి, మా అన్న వైనుతో తింటే మీ జున్ను కూడా కంటతడి పెడుతుంది’ అన్నాను. ముసలాయన నవ్వి, ‘చూద్దాంలే, నీ గొప్పలు’ అన్నాడు. రేపు చూస్తాడు!”

“నేను చచ్చిపోతే బాగుండేది.”

“చచ్చిపోతే పెళ్ళి ఆగుతుంది, ఇంకేం మేలు? మా అమ్మ బతికుంటే ఎలాగూ ఆపేసేది. ‘పులిసిన బాన మీదుగా పిల్ల గడప దాటకూడదు, ఈ ఏడు వద్దు, కొత్త వైను పోసి పై ఏడు చూద్దాం’ అనేది. నీ మంచికి ఆవిడ లేదు.”

“ఆపేద్దామా మరి?”

“ఏంటీ?”

“అంటే... పెద్దావిడ మాట కదా. ఒక్క ఏడాది. అంతలో ఏం మునిగిపోతుంది?”

“పంది కోసి వేలాడదీసి ఉంది. అరవై రొట్టెలు కాలుతున్నాయి. పిల్ల జుట్టు ఉంగరాలు తిరగాలని తలకి గుడ్డ చుట్టలు చుట్టుకుని కూర్చుంది. ఇప్పుడు పెళ్ళి ఆపుతావా? పోయినావిడ మాటకా?”

“ఊరికే అన్నాలే.”

“ఊరికే అనకు. విను. నా కొట్టులో నిరుడుటి వైను ఉంది, మూడువందల లీటర్లు. మంచిదే. పంపు తెస్తాను. ఇదంతా తోడి దొడ్డి గొయ్యిలో పోసేద్దాం. బాన కడుగుతాను, చెర్రీ బెరడు కుంచె ఇంట్లో ఉందిగా? కడిగి, గంధకం పొగ పెట్టి, సాయంత్రానికల్లా నాది పోసేద్దాం. మూత పెట్టి, మట్టి మెత్తి, ఇసక కప్పేద్దాం. రేపు అందరి ముందూ తీస్తాను.”

“ఎవరికీ తెలీదా?”

“ఊళ్ళోవాళ్ళకి తెలీదు. ఇలో తాతకి కూడా తెలీదేమో, తూషీలు కొండమీది మనుషులు, వాళ్ళకి వైను గురించి ఏం తెలుసు? నాకు తెలుస్తుంది. కొమ్ము చేతిలో పట్టుకుని, ‘ఇది మా అన్న ఒతార్ చేతి వైను’ అనాలి. ఆ మాటకి నాకు నోరు పెగలాలి, అంతే.”

“పెగలదు నీకు.”

“పెగలదు. అయినా అనాలి. ఇంకేం చేస్తాం చెప్పు? నీ తల ఎక్కడ పెట్టుకుంటావు రేపు?”

“నా తల సంగతి వదిలెయ్. పిల్లకి తెలియకూడదు. ప్రమాణం చెయ్యి. పిల్లకి మాత్రం...”

తలుపు దగ్గర నీడ పడింది. తల నిండా గుడ్డ చుట్టలతో, పెళ్ళి ముస్తాబు ఇంకా ఏమీ లేకుండా, పిండి చేతులతో తియోనా నిలబడి ఉంది.

“పిల్లకి ఏం తెలియకూడదు?”

“ఏం లేదే తల్లీ. నువ్వెందుకొచ్చావు ఇక్కడికి? తడి తలతో, చలిగాలి, గొంతు పట్టేస్తుంది, రేపు మాట రాదు...”

“పెద్ద గుండిగ ఎక్కడుందో అడగడానికొచ్చాను. చిన్నాన్నా, మూత తీసేశావా? నేను కూడా చూస్తానన్నాను కదా! అమ్మో, ఏంటీ వాసన?”

“ఊరగాయ.”

“ఊరగాయా? చిన్నాన్నా, నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు మీసం లాగుతావు.”

“నేనేం లాగలేదు.”

“ఇప్పుడు లాగుతున్నావు. జరగండి. ఇది మా నాన్న వైనా?”

“తల్లీ, అటు పోకు.”

“పులిసిపోయిందా?”

“నా వల్లే. మీ చిన్నాన్న తప్పేమీ లేదు. నేనే మూత తీస్తూ వచ్చాను. నీకు బాగాలేనప్పుడల్లా. పదకొండుసార్లు. నీకెలా చెప్పాలో తెలీక ఏడు నెలలుగా నీ మొహం నేరుగా చూడలేదు, గమనించావో లేదో. నీ నాన్న నీకోసం వదిలింది ఇదొక్కటే, దాన్ని నేనే...”

“అమ్మా, ఆగు. పదకొండుసార్లా?”

“ఊఁ.”

“ఏమేం జరిగినప్పుడు?”

“ఇప్పుడెందుకే అవన్నీ...”

“చెప్పు. నాకు తెలియాలి. దద్దుర్లప్పుడు ఒకటి, అంతేనా?”

“అది మొదటిది. తర్వాత నువ్వు బడివాళ్ళతో బాతూమి వెళ్ళావు. సముద్రం.”

“నేను మోకాళ్ళ లోతు కూడా దిగలేదు!”

“నాకేం తెలుసు? ఫోన్లు ఉన్నాయా అప్పుడు? చెట్టు మీంచి పడ్డప్పుడు. విమానాలప్పుడు. తిబిలిసిలో హాస్టల్లో మొదటి రోజు. జబ్బు ఊరంతా పట్టుకుని అందరూ మూతులకి గుడ్డలు కట్టుకున్నప్పుడు మూడుసార్లు.”

“ఇంకా?”

“జ్ఞానదంతం పీకించుకున్నప్పుడు.”

“పన్ను కోసమా? అమ్మా! పన్ను పీకితే బాన తవ్వావా?”

“నవ్వకు. మత్తు సూదితో చనిపోయినవాళ్ళున్నారు. నేను విన్నాను.”

“చిన్నాన్నా, విన్నావా? నా పంటి కోసం... ఇంకేంటి?”

“ఒకరోజు పొద్దుట్నుంచి రాత్రిదాకా నువ్వు ఫోన్ ఎత్తలేదు.”

“సినిమాకి వెళ్ళాను.”

“ఆ సంగతి మర్నాడు చెప్పావు. నేను ఆ రోజే తీశాను.”

“ఎల్గూజా, నువ్వూ నవ్వుతున్నావా?”

“నవ్వడం లేదు వదినా. ఏడుపో నవ్వో నాకే తెలియడం లేదు. పంటి కోసం తీశావా? ఇన్నేళ్ళూ నేను ప్రతి ఈస్టరుకీ వచ్చి, ఈ ఇసక మీద నీళ్ళు చల్లి, ‘అన్నా, పిల్ల పెరుగుతోంది’ అని చెప్పుకునేవాణ్ణి. అడుగునేమో ఎవరో అప్పుడే వచ్చి పోయినట్టు మట్టి కొత్తగా ఉండేదన్నమాట.”

“అమ్మా, ఇటు రా. ఇటు రా అంటున్నాను. నా చేతులు పిండి, పర్వాలేదు. ఎందుకు తల దించుకుంటావు? నాకు సిగ్గేం లేదు. రేపు అందరి ముందూ చెప్పేద్దాం. నాన్న పోసిన వైను అమ్మ భయంతో వెనిగర్ అయిపోయింది, ఇదిగో, టమాటా దోసకాయ ముక్కల మీద పోసుకోండి అని. బేజాన్‌కి చెప్తే పడీ పడీ నవ్వుతాడు. వాళ్ళమ్మ కూడా అంతే, వాడు పైనుంచి దిగేదాకా గేటు దగ్గరే నిలబడుతుంది.”

“నువ్వు నవ్వుతావని నేననుకోలేదు. కోప్పడతావనుకున్నాను.”

“కోప్పడను. నువ్వు నాకోసమే కదా తీసింది.”

“అలా అనకు.”

“ఎందుకు? నిజమే కదా.”

“అలా అనకు తల్లీ. నా వల్ల కాదు.”

“సరే. చిన్నాన్నా, నువ్వెందుకు మూల నిలబడ్డావు? రేపు పోయడానికి నీ కొట్టులో వైను ఉందిగా. నీ వైను నీ వైనుగానే తీసుకురా. దానికేం తక్కువ?”

“అమ్మాయ్, నువ్వు మీ అమ్మని క్షమించేశావు కానీ, తప్పు ఆవిడది కాదు.”

“మరి?”

“నాది. చెప్పకుండా ఉందామనుకున్నాను, సిగ్గేసి. మీ అమ్మ పదిసార్లు తీసి మూసింది, పదిసార్లూ వైను నిలబడింది కదా? నిలబడింది. అంటే బాగానే మూసింది. పదకొండోసారి పెట్టింది నా మట్టి. ఫిబ్రవరిలో తెచ్చిచ్చాను. ఎప్పుడూ ఏటి ఒడ్డున తవ్వుతానా, ఆ రోజు చలికి బద్ధకమేసి, కొత్త రోడ్డు కోసిన చోట దొరికింది గోతాంలో పారపోశాను. సగం ఇసక అందులో. పొయ్యికే కదా అనుకున్నాను. ఆ మట్టి బీటలిచ్చింది. మా అన్న వైనుని చంపింది నేను.”

“ఎల్గూజా, కాదు.”

“కాదేంటి? చూశావుగా, అంచుకి రవ్వంత కూడా అంటుకోలేదు. మంచి మట్టయితే ఉలితో కొట్టినా రాదు.”

“చిన్నాన్నా, అది నీకేం తెలుసు అప్పుడు?”

“తెలియకపోతే తప్పు కాదా? రేపు ఇలో తాత ముందు నేనే నిలబడతాను. ‘గొప్పలు చెప్పింది నేను, నా సోమరితనంతో మా అన్న వైనుని పాడుచేసిందీ నేనే. మా వదినని ఏమీ అనకండి’ అని చెప్తాను. ఉత్త కొమ్ము బోర్లించి చెప్తాను.”

“చెప్పకు.”

“చెప్తాను వదినా. నా బరువు నేను దించుకోవాలి.”

“చెప్పొద్దన్నానా! నీ మీద వేసుకోకు.”

“అమ్మా, ఎందుకలా అరుస్తావు? కూర్చో. ఇలా ఈ రాతి మీద కూర్చో. ఏడు నెలలన్నావు కదా, అంటే చివరిసారి మార్చిలోనా? మార్చిలో నాకేమైందసలు? జ్వరం లేదు, పరీక్షల్లేవు. నేను బాగానే ఉన్నానే.”

“నువ్వు ఫోన్ చేశావు.”

“ఏమని?”

“బేజాన్‌ని చేసుకుంటానని. వాడితో పైకి వెళ్ళిపోతానని. ఆ దారిన.”

“ఓ. దానికా. తీసి చూస్తే ఎలా ఉంది?”

“బాగుంది.”

“బాగుందంటే?”

“ఎన్నడూ లేనంత బాగుంది. నోట్లో పోసుకుంటే మీ నాన్న పక్కన నిలబడి నవ్వినట్టుంది.”

“మరింకేం? బాగుందంటే నాకంతా మంచే జరుగుతుందని కదా. నువ్వు సంతోషపడి మూసేసి ఉంటావు. చిన్నాన్న మట్టి మంచిది కాకపోతే నువ్వేం చేస్తావు?”

“ఆ మట్టికి ఏ లోపమూ లేదే తల్లీ. మెత్తగా పిసికి, ఈ రెండు చేతుల్లో పట్టుకుని, పులిసిన బాన మీదుగా పిల్ల గడప దాటకూడదన్న మీ నాయనమ్మ మాట తలుచుకుంటూ, బాన పక్కన చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మూత ఉత్తినే పైన ఆనించి, ఇసక కప్పి, మట్టి తీసుకెళ్ళి కోళ్ళగూటి వెనక పారేసి వచ్చాను.”